డాబా ఎక్కితే గద్ద తన్నుతోంది, ఏం చెయ్యాలి?

బుల్లబ్బాయి_బరంపురం · మార్చి 8, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది బరంపురం. మా వెనకింటి వాళ్ల పెరట్లో పెద్ద రావిచెట్టు ఉంది. దాని పైకొమ్మ మా డాబా పిట్టగోడకి బాగా దగ్గర. ఆ కొమ్మ పంగలో గద్ద గూడు పెట్టింది. పుల్లలతో పాటు ఎర్ర గుడ్డపీలిక, చిరిగిన ప్లాస్టిక్ సంచి, కరెంటు తీగ ముక్క కూడా కనిపిస్తున్నాయి. సంక్రాంతి వెళ్లాక కడుతుంటే ముచ్చటగానే చూశాం. ఇప్పుడు డాబా మీదికి ఎవరు వెళ్లినా వదలడం లేదు. ఈ రోజు పొద్దున్న అమ్మ సగ్గుబియ్యం వడియాలు పెడుతుంటే వెనక నుంచి వచ్చి నడినెత్తి మీద తన్నిపోయింది. రెండు గీతలు పడి రక్తం వచ్చింది. రెక్కల చప్పుడు కూడా వినపడలేదట. ముందు గాలి తగిలింది, ఆ వెంటనే దెబ్బ తగిలింది అంటోంది.

నావి రెండు ప్రశ్నలు. కుక్క కరిస్తే వేయించినట్టు దీనికీ ఇంజెక్షన్లు వేయించాలా? మందుల షాపతను వేయించమన్నాడు, పక్కింటి పిన్నిగారు అక్కర్లేదన్నారు. రెండోది, గూడు తీయించెయ్యొచ్చా? కొబ్బరిచెట్లెక్కే అబ్బాయి ఐదొందలిస్తే దించేస్తానంటున్నాడు. నాన్న సరే అన్నారు. దెబ్బ తిన్న అమ్మేమో వద్దంటోంది, పిల్లలున్న గూడు ముట్టుకుంటే ఉసురు తగులుతుందని. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి.

పశువైద్యం_సిరొంచ · మార్చి 8, రాత్రి 9:15

ముందు ఇంజెక్షన్ సంగతి. రేబిస్ పాలిచ్చి పెంచే జంతువుల జబ్బు. కుక్క, పిల్లి, కోతి, నక్క, గబ్బిలం వంటివాటితోనే భయం. పక్షి గీరితే కుక్కకాటు ఇంజెక్షన్లు అక్కర్లేదు. అయితే గద్ద కాళ్లు శుభ్రమైనవేం కావు, కుళ్లిన మాంసం మీదా చెత్తకుప్పల మీదా వాలి వస్తుంది. సబ్బు రాసి, ధారగా నీళ్లు పోసి గీతల్ని బాగా కడగండి. అమ్మగారు టీటీ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే రేపే డాక్టరుకి చూపించండి. వాపు, చీము, జ్వరం వస్తే అసలు ఆగొద్దు. పసుపు, కాఫీపొడి లాంటివి గాయంలో కూరకండి.

గూడు సంగతి తెలిసినోళ్లు చెప్తరు. నేను ఆవులు, బర్రెల మనిషిని.

నాగావళి_రాయగడ · మార్చి 8, రాత్రి 9:22

కరెంటోళ్లకి చెప్పి కొమ్మ కొట్టించెయ్ గురూ. తీగలకి తగులుతోందంటే పొద్దున్నే వస్తారు. దీనికి ఇంత చర్చెందుకు.

పద్మ_పర్లాకిమిడి · మార్చి 8, రాత్రి 10:05

తమ్ముడూ, కొమ్మ జోలికి వెళ్లకు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు. అడవి పక్షుల గుడ్లు పగలగొట్టినా, గూడు కదిపినా అది కూడా వేట కిందికే వస్తుంది. ఐదొందలు తీసుకుని ఆ అబ్బాయి వెళ్లిపోతాడు, కేసయితే మీ నాన్నగారి పేరు రాస్తారు. అదీ కాక, గూట్లో పిల్లలుండగా చెట్టెక్కితే ఆ అబ్బాయిని రెండు గద్దలూ కలిసి పైనే తగులుకుంటాయి. అంత ఎత్తులో చెయ్యి పట్టు జారితే ఏమవుతుందో ఆలోచించు.

మాకు ఇది కొత్త కాదు. మహేంద్రతనయ ఒడ్డున మా ఇంటి వెనక మర్రిచెట్టు మీద గద్దలు ఏటా పెడతాయి. గుడ్లు పొదగడానికి నెల రోజులు పడుతుంది, పిల్లలు ఎగరడానికి ఇంకో నెలన్నర, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. మరీ మీద పడి తన్నేది పిల్లలు బయటపడ్డాకే. మీ గూడు సంక్రాంతి తరవాత కట్టిందంటే ఇప్పుడు పిల్లలు ఉండి ఉంటాయి. ఏప్రిల్ సగానికి గొడవ దానంతట అదే సద్దుమణగాలి.

అందాకా డాబా మీదికి వెళ్లేటప్పుడు గొడుగు వేసుకుని వెళ్లండి. అది వెనక నుంచే వస్తుంది, మన ముఖం దాని వైపు ఉంటే చాలా వరకు దగ్గరికి వచ్చి తప్పుకుంటుంది. మా అత్తగారు చాట బోర్లించి నెత్తిన పెట్టుకుని బట్టలు ఆరేసేవారు, వీధంతా నవ్వినా ఆవిడకి లెక్క లేదు. రాళ్లు మాత్రం వెయ్యొద్దు. రాయి వేసిన మనిషిని అది గుర్తు పెట్టుకుంటుందని మా వీధిలో అందరి నమ్మకం. మా మరిదిని చూస్తే నాకూ నిజమేననిపిస్తుంది, ఇప్పటికీ అతను గేటు దాటితే చాలు అరుపు మొదలెడుతుంది.

వడియాలు ఈ ఏడాదికి ముందు వరండాలో పెట్టుకోమను అమ్మగారిని.

నాగావళి_రాయగడ · మార్చి 8, రాత్రి 10:30

అంటే మనిషి గొడుగేసుకుని తిరగాలి, గద్ద దర్జాగా ఉండాలి. బాగుందక్కా. మా వీధిలో చిన్నపిల్లాడి చేతిలో మిరపకాయ బజ్జీ తన్నుకుపోయింది, వేలు తెగింది. ఆ పిల్లాడు ఇప్పుడు కాకిని చూసినా ఏడుస్తున్నాడు. చట్టం వాడికి కూడా ఉండాలి కదా.

గుణుపురం_మాస్టారు · మార్చి 9, ఉదయం 6:50

నాగావళి గారి కోపంలో న్యాయం ఉంది, కానీ బాణం తప్పు దిక్కుకి వెళ్తోంది.

బుల్లబ్బాయ్, నేనొకటి అడుగుతాను. మీ చుట్టుపక్కల కోడిమాంసం కొట్టు ఉందా? గద్దలకి ఎవరైనా మాంసం ముక్కలు వేస్తున్నారా? ఎందుకడుగుతున్నానంటే, ఢిల్లీలో గద్దల గూళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన పరిశోధకులు 2019లో ఒక వ్యాసం వేశారు. ఊరంతా గద్దలున్నా అన్నీ మనుషుల్ని తన్నవు. చెత్త ఎక్కువగా పేరుకున్న చోట, గూటి పక్కనే బాల్కనీలు, జనం ఉన్న చోట, ముఖ్యంగా పుణ్యం కోసమని గాల్లోకి మాంసం విసిరే పేటల్లో దాడులు ఎక్కువ. మనిషి కనిపిస్తే తిండి దొరుకుతుందని అలవాటు పడిన పక్షికి మనిషంటే భయం పోతుంది. భయం పోయిన పక్షి గూడు దగ్గర కూడా వెనక్కి తగ్గదు. బజ్జీ తన్నుకుపోయిన గద్దా, మీ అమ్మగారిని తన్నిన గద్దా ఒకే బళ్లో చదువుకున్నాయి. పాఠం చెప్పింది మనమే.

బుల్లబ్బాయి_బరంపురం · మార్చి 9, ఉదయం 8:10

మాస్టారూ, మీరు మా వీధికొచ్చి చూసినట్టే చెప్పారు. సందు మొదట్లో కోళ్ల కొట్టుంది, డ్రమ్ము మూత ఎప్పుడూ తీసే ఉంటుంది. అది అలా ఉంచండి, మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక పెద్దాయన రోజూ సాయంత్రం డాబా ఎక్కి ఈల వేసి కోడి తోళ్లు ఎగరేస్తారు. గద్దలు గాల్లోనే పట్టుకుంటాయి. పిల్లలందరికీ అదొక సర్కస్. నేను కూడా వీడియో తీసి స్టేటస్ పెట్టాను!

అమ్మకి టీటీ వేయించాం. డాక్టరు గారు సిరొంచ సారు చెప్పిందే చెప్పారు.

గోపాలపురం_వాడ · మార్చి 9, ఉదయం 11:30

మాది గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున చేపలవాళ్ల వాడ. తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లం, ఒడియా వాళ్లు మమ్మల్ని నొలియాలు అంటారు. గద్దల్తో పోట్లాట మాకు రోజూ ఉన్నదే.

పడవ ఒడ్డుకి లాగేసరికి రెండు రకాలూ పైన తిరుగుతుంటాయి. మసి రంగుది, తోక చివర చీలినట్టు ఉంటుంది, అది మామూలు గద్ద. తల, రొమ్ము తెల్లగా, ఒళ్లు ఇటుక రంగులో, తోక గుండ్రంగా ఉంటే గరుడపక్షి. మా నాయనమ్మ గరుడపక్షి కనపడితే తట్ట దించి లెంపలేసుకునేది. అదే గరుడపక్షి ఎండుచేప ఎత్తుకుపోతే మాత్రం దాని వంశాన్నంతా తిట్టేది. దండం దండమే, చేప చేపే.

చూడాలంటే దాని కాళ్ల పని చూడాలి. ముక్కుతో పట్టదు. పైనుంచి జారి వచ్చి, నేలకి తగలకుండా ఒక కాలు కిందికి వదుల్తుంది. కవ్వళ్ల చేపలు ఆరబెట్టిన వల మీంచి ఒక్క చేప లేస్తుంది, పక్క చేప కదలదు. పైకెళ్లాక ఎగురుతూనే కాలు ముక్కు దగ్గరికి తెచ్చుకుని తింటుంది. ఒకసారి అలా తింటూ వదిలేసిన చేపతల మా బావ టీ గ్లాసులో పడింది. గ్లాసు పగల్లేదు, టీ మాత్రం పోయింది.

మేం చేసేది ఇంతే. ఆరబెట్టిన చేప మీద పాత వల, జానెడు ఎత్తులో కర్రలకి కట్టేస్తాం. చేప మీద వల ఆనకూడదు, ఆనితే వల మీంచే లాగుతుంది. వల బిగుతుగా ఉండాలి, వదులుగా ఉంటే పక్షి కాలు చిక్కుకుని విలవిల్లాడుతుంది. పేగులు, తలలు ఇసకలో గోతిలో పూడుస్తాం. పూడ్చని రోజు గద్దలు రెట్టింపు.

జగ్గు_జైపూర్ · మార్చి 9, మధ్యాహ్నం 2:20

మీవన్నీ బయటి కథలు. మా దగ్గరికి ఏకంగా వంటింట్లోకే వచ్చింది.

జైపూర్‌లో మాది చిన్న మెస్. వెనక జామచెట్టు, దాని మీద ఉడతలు, పిచ్చుకలు. మొన్న శీతాకాలం పొద్దున్న ఉప్మా తాలింపు వేస్తుంటే కిటికీలోంచి పిచ్చుక, దాని వెనకే ఇంకేదో రివ్వున వచ్చాయి. పిచ్చుక గిన్నెల స్టాండు వెనక దూరింది. రెండోది నేరుగా వెళ్లి ఖాళీ గ్యాస్ సిలిండర్ మీద కూర్చుంది. పావురం అంత కూడా లేదు. డేగ, ఇంగ్లిష్ పుస్తకాల్లో షిక్రా అంటారే అది. వంటమనిషి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

చెయ్యి చాపితే అందేంత దూరంలో చూశాను. వీపు బూడిద రంగు, రొమ్ము మీద సన్నటి ఇటుకరంగు అడ్డచారలు, కళ్లు ఎర్రగా నిప్పుకణికల్లా. కళ్లు అంత ఎర్రగా ఉంటే మగదట, ఆడదానికి పసుపు కలిసిన రంగు ఉంటుందట, ఒంట్లో కూడా మగదాని కన్నా పెద్దదట. నోరు తెరిచి రొప్పుతోంది. పసుపుపచ్చ కాళ్లు సన్నగా ఉన్నాయి గానీ సిలిండర్ పిడిని ఎంత గట్టిగా పట్టుకుందో వేళ్లు చూస్తే తెలుస్తోంది.

మా నాన్న చేసిన పని నాకు బాగా నచ్చింది. ముందు ఫ్యాన్ ఆపారు. తర్వాత లైట్లు, స్టవ్ ఆపి, అందర్నీ బయటికి పంపి, వీధి తలుపు వేసి పెరటి తలుపు ఒక్కటే బార్లా తెరిచారు. తువ్వాలు విసరడాలు, చీపురు తిప్పడాలు ఏం లేవు. చీకట్లో వెలుతురున్న దిక్కు ఒక్కటే దానికి కనిపించింది, కాసేపటికి జారుకుంది. ఉప్మా మాడిపోయింది. పిచ్చుక మధ్యాహ్నం దాకా స్టాండు వెనకే ఉంది.

పద్మ_పర్లాకిమిడి · మార్చి 9, మధ్యాహ్నం 3:00

ఫ్యాన్ ఆపడం అందరూ రాసి పెట్టుకోవాలి. ఇంట్లోకి వచ్చిన పక్షులకి గోడల కంటే ఫ్యాన్ రెక్కలతోనే ప్రమాదం.

శాంతి_ధర్మాబాద్ · మార్చి 9, సాయంత్రం 5:45

నాకొక సందేహం. ఇంట్లోకి గద్ద గానీ గుడ్లగూబ గానీ వస్తే ఇల్లు ఖాళీ చేసి శాంతి చేయించాలని మా పెద్దవాళ్లు అంటారు. జగ్గు గారూ, మీరేమైనా చేయించారా?

జగ్గు_జైపూర్ · మార్చి 9, సాయంత్రం 6:02

మళ్లీ ఉప్మా చేయించామండీ.

రవి_దెగ్లూర్ · మార్చి 9, రాత్రి 9:40

శాంతి గారూ, మాదీ మీ నాందేడ్ జిల్లానే. నమ్మకాలు ఎవరివి వాళ్లవి, నేను జరిగింది చెప్తాను.

మా చిన్నాన్న పత్తి గోదాములో అటక మీంచి రాత్రిపూట బుసలు వినపడుతున్నాయని కూలీలు లోపలికి పోవడం మానేశారు. పెద్ద పామే ఉందనుకుని పాములు పట్టేవాణ్ని పిలిపించాం. అతను నిచ్చెనెక్కి టార్చి వేసి, అక్కడే నవ్వడం మొదలెట్టాడు. తెల్ల గుడ్లగూబ పిల్లలు. తల్లి లేనప్పుడు ఎవరైనా దగ్గరికొస్తే అచ్చం పాములాగే బుసకొడతాయి. నేనూ ఎక్కి చూశాను. ముఖం హృదయం ఆకారంలో, ఇంకా ఈకలు సరిగా రాని మెడ ఊపుకుంటూ నిలబడ్డాయి. ఒకటి పెద్దది, ఒకటి దానికంటే చిన్నది, ఇంకోటి ఇంకా చిన్నది. గుడ్లు ఒక్కసారే కాకుండా రోజు విడిచి రోజు పెట్టి, మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది కాబట్టి అలా వరసగా ఉంటాయట.

అటక మీద బొటనవేలంత నల్లటి ఉండలు కుప్పగా పడున్నాయి. పెంట అనుకున్నారు అందరూ. పాములతను ఒకటి నీళ్లలో వేసి విడదీసి చూపించాడు. బూడిదరంగు బొచ్చు, దాని మధ్యలో ఎలుక పుర్రె, దవడ, పళ్లతో సహా. గూబ ఎలుకని నమలకుండా మింగి, అరగని ఎముకలూ బొచ్చూ ఉండకట్టి నోట్లోంచి కక్కేస్తుంది. అప్పటిదాకా శకునం అన్న చిన్నాన్న ఆ పుర్రెలు చూశాక లెక్కలు వేశాడు. బస్తాలు కొట్టే ఎలుకలవి. ఇప్పుడు ఆ అటక వైపు కిటికీకి రెక్క పెట్టడం లేదు.

అయితే దీపావళి ముందు మాత్రం జాగ్రత్త పడతాడు. లక్ష్మీదేవి వాహనమని చెప్పి పూజలకీ, క్షుద్రపూజలకీ గూబల్ని పట్టి అమ్మేవాళ్లు ఆ రోజుల్లోనే తిరుగుతారు. కొన్నా అమ్మినా నేరమే.

శాంతి_ధర్మాబాద్ · మార్చి 9, రాత్రి 10:10

ఎలుక పుర్రెల ఫొటో ఉంటే పెట్టండి రవి గారూ. మా అబ్బాయి బళ్లో చూపిస్తానంటున్నాడు. అత్తగారికి మాత్రం చూపించను.

లక్ష్మి_బల్లార్షా · మార్చి 10, ఉదయం 7:30

మా చంద్రాపూర్ వైపు సంక్రాంతికి గాలిపటాలు జోరు. నైలాన్ మాంజాని 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, కానీ దొంగచాటుగా దొరుకుతూనే ఉంది. పండగయ్యాక తీగల మీద, చెట్ల మీద మిగిలిపోయిన దారం ఎన్నాళ్లైనా కుళ్లదు.

ఈ ఏడాది మా క్వార్టర్ల దగ్గర వేపచెట్టుకి ఒక గద్ద తలకిందులుగా వేలాడింది. రెక్క మడత దగ్గర దారం కండలోకి దిగిపోయింది. మా ఆయన 1926కి ఫోన్ చేశారు, మహారాష్ట్ర అటవీ శాఖ నంబరు. వాళ్లొచ్చేలోపు నిచ్చెన వేసి దించాల్సొచ్చింది. మీద దుప్పటి కప్పి, కాళ్లు ముందు పట్టుకోవాలి. అందరూ ముక్కుకి భయపడతారు, అసలు దెబ్బ గోళ్లది. దారాన్ని లాగకుండా రెండు వైపులా కత్తిరించి, లోపల దిగింది అలాగే వదిలేశాం, డాక్టరు తీస్తారని. గాలి పోయే చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పెట్టి, మూత వేసి, చప్పుడు లేని గదిలో ఉంచాం. చీకటైతే అవి నెమ్మదిస్తాయి.

చుట్టుపక్కల వాళ్లు పాలు పొయ్యమన్నారు, అన్నం పెట్టమన్నారు. ఏదీ పెట్టకూడదు, నోట్లో నీళ్లు కూడా పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పిల్లలు సెల్ఫీ అంటే తలుపు గడియ పెట్టాను.

పశువైద్యం_సిరొంచ · మార్చి 10, రాత్రి 8:30

లక్ష్మక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. ఒక్కటే కలుపుతా. చచ్చిపడి ఉన్న పక్షుల్ని, ముఖ్యంగా ఒకే చోట నాలుగైదు పడి ఉంటే, ఒట్టి చేతుల్తో ముట్టుకోవద్దు. పశువుల దవాఖానకి చెప్పండి.

ఇక నా సంగతి. మా దిక్కు గద్దల గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు, రాబందులు పోయినయని ముసలోళ్లు బాధపడుతరు. మా నాయిన చిన్నప్పుడు ఊరి బయట ఎద్దు చస్తే పూట గడిచేలోపు బొక్కలే మిగిలేవట. ఇప్పుడు కుక్కలు మూగుతున్నయి. కారణం మా మందుల పెట్టెలోనే ఉండె. డైక్లోఫెనాక్ అనే నొప్పుల సూది వేసిన పశువు చచ్చి, దాన్ని రాబందు తింటే మూత్రపిండాలు చెడి చచ్చిపోతది. తెల్లవీపు రాబందులు 1990ల మొదట్నుంచి పదిహేనేండ్లలో నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయినయి. 2006లో పశువులకి ఆ మందు నిషేధించిండ్రు. మనుషుల కోసమని పెద్ద సీసాల్లో తెచ్చి పశువులకి వాడుతుంటే 2015లో సీసాని 3 మిల్లీలీటర్లకి కుదించిండ్రు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకి బందు. మెలాక్సికామ్ ఉంది, అది రాబందులకి ముప్పు లేని మందు. రైతులు "ఆ పాత సూదే వెయ్యి సారూ, జల్ది లేస్తది" అని ఇప్పటికీ అడుగుతరు. వెయ్యను.

గడ్చిరోలిలో అటవీ శాఖ కొన్ని చోట్ల రాబందుల కోసం కళేబరాలు వేసే జాగలు పెట్టింది, జనం రాబందుల హోటల్ అంటరు. ప్రాణహిత దాటితే అవతల బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద పొడవుముక్కు రాబందులు గూళ్లు పెట్టినయి. ఒకనాడు పొద్దుగాల బండి మీద పోతుంటే రోడ్డు పక్క చచ్చిన బర్రె దగ్గర ఒకటి దిగింది. దిగేటప్పుడు రెక్కల గాలికి దుమ్ము లేచింది. బండి ఆపి ఇంజిన్ బంద్ చేసిన. తల ఎత్తి నా దిక్కు చూసి, లెక్క చెయ్యకుండ మళ్లీ తినుడు మొదలుపెట్టింది. నేను మాత్రం ముందుగాల ఆ బర్రె ఎవరిదో, ఏం సూది వేసిండ్రో కనుక్కున్న.

గుణుపురం_మాస్టారు · మార్చి 10, రాత్రి 9:05

చూశారా, ఒక ఊళ్లో కళేబరం పెట్టి పిలవాలి, ఇంకో ఊళ్లో తోళ్లు వెయ్యడం మానాలి. అన్నిటికీ ఒకే మందు లేదు.

బుల్లబ్బాయి_బరంపురం · మార్చి 16, రాత్రి 8:15

గూడు దించడం లేదు. పద్మక్క చెప్పిన చట్టం సంగతి చదివి వినిపించాక నాన్న చల్లబడ్డారు. నిజానికి చట్టం కంటే అమ్మ వంట మానేస్తాననడం ఎక్కువ పనిచేసింది. కోళ్ల కొట్టతను డ్రమ్ముకి మూత పెడుతున్నాడు, వార్డు మెంబరు చెప్పారు కాబట్టి. పెద్దాయన దగ్గరికి నేనే వెళ్లాను. ఆయన ఒప్పుకోలేదు. భార్య పోయిన దగ్గర్నుంచి వేస్తున్నారట, ఆవిడ పేరు చెప్పుకుని. దాని మీద ఇంకేం వాదిస్తాం? డాబా మీంచి కాకుండా ఊరి చివర చెరువు గట్టు దగ్గర వేసుకోమని అడిగాను. ఆలోచిస్తానన్నారు.

పద్మ_పర్లాకిమిడి · మార్చి 16, రాత్రి 8:40

మాంసం బదులు చెరువులో చేపలకి మరమరాలు వెయ్యమను తమ్ముడూ. ఆవిడ పేరు అక్కడైనా చెప్పుకోవచ్చు. గట్టు మీద తోళ్లు వేస్తే అక్కడ కుక్కలు తయారవుతాయి.

నాగావళి_రాయగడ · మార్చి 17, ఉదయం 9:20

సరే, అందరూ ఒక పక్కకి వెళ్లారు, నేనొక్కణ్నే విలన్ని. మా బజ్జీల బండి సంగతి చెప్పండి. అక్కడ తోళ్లెవరూ వెయ్యరు. బండి పక్కనే బడి. రోజూ సాయంత్రం ఒకటే గద్ద, కరెంటు స్తంభం మీద కాపు కాస్తుంది.

గోపాలపురం_వాడ · మార్చి 17, ఉదయం 10:05

తోళ్లు వెయ్యకపోయినా, పిల్లలు సగం తిని పారేసిన ముక్కలుంటాయి కదా అన్నా, దానికవి చాలు. బండి పక్కన మూతున్న డబ్బా ఒకటి పెట్టించు. బండికి ముందు వైపు టార్పాలిన్ ఇంకో నాలుగడుగులు బయటికి లాగి కట్టమను, పిల్లలు దాని కిందే నిలబడి తినాలి. గద్దకి పైనుంచి జారి వచ్చే దారి కావాలి, నెత్తి మీద కప్పుంటే దిగలేదు. బజ్జీలు విప్పిన కాగితంలో పెట్టి చేతిలో పెట్టొద్దు, మూతి మడిచిన పొట్లంలో ఇవ్వాలి. ఆ స్తంభం మీంచి అది ఏ వైపు దిగుతుందో ముందు ఒక సాయంత్రం నిలబడి చూడు, టార్పాలిన్ ఆ వైపు కట్టించు.

నాగావళి_రాయగడ · మార్చి 17, ఉదయం 10:12

బడి గోడ వైపు నుంచి దిగుతుంది. బండివాడితో ఇవాళే మాట్లాడతా. టార్పాలిన్ డబ్బులు ఎవరిస్తారని అడుగుతాడు, అది వేరే గొడవ.